కిరాతుని రేటింగు



ఇన్నేళ్ళుగా ఈ పుటల్లో పద్యాల గుఱించీ, ప్రబంధాల గుఱించీ, ఓపిక కలిగినప్పుడు వ్యాకరణం గుఱించీ వ్రాస్తూ వచ్చినవాణ్ణి. ఈసారి చదరంగం గుఱించి వ్రాయబోతున్నాను. లేఖినిలో ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తెలుగు టైపు నేర్చుకున్న రోజుల్లో, "యాభయ్యో పడిలో అక్షరాభ్యాసమా!" అని మా ఆవిడ నవ్వింది. ఇప్పుడు అరవై దాటి చాలా కాలమయ్యాక సెల్‌ఫోను చేతబట్టి చదరంగం ఆడుతుంటే నవ్వడం కూడా మానేసింది. అది మఱీ ప్రమాదకరమైన లక్షణమని గృహస్థులందఱికీ తెలుసు.

నాకు ఈ ఆట నేర్పినవాడు మా మేనమామ. వీధి అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి, కఱ్ఱ కాయలు పేర్చి ఆడేవాళ్ళం. రాజు, మంత్రి, శకటు, గుఱ్ఱం, ఏనుగు, బంటు. మామయ్య పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. రెండు గళ్ళు దూకవచ్చునని నాకు తెలిసింది పండిత శిక్షణకు వెళ్ళినప్పుడు, వసతిగృహంలో. ఆ తరువాత ఉద్యోగం, సంసారం, మూల్యాంకనాలు, జనాభా లెక్కలు, ఎన్నికల విధులు. నలభై ఏళ్ళు కాయ ముట్టలేదు. 2020లో కరోనా పుణ్యమా అని ఇంట్లో కూర్చున్నప్పుడు మా మనవడు తన ఫోనులోంచి ఈ ఆటను నా ఫోనులోకి దింపాడు. అప్పటినుంచి రాత్రి భోజనం కాగానే రెండు మూడు ఆటలు. ఒక్కొక్కరికి పది నిమిషాలు గడువు. అవతల ఏ దేశంవాడో, ఏ వయసువాడో తెలియదు. ఒక మాఱుపేరు, దాని పక్కన ఒక అంకె. ఆ అంకె పేరే రేటింగు.

ఆనాటి రాత్రి నా అంకె 1420. ఎదుటివాడిది 910.

ఆ అంకె చూడగానే నా పెదవుల మీద ఒక చిఱునవ్వు పుట్టిందని ఒప్పుకొంటున్నాను. పాఠశాలలో ముప్ఫై ఏడేళ్ళు పనిచేసినవాడికి ఆ నవ్వు ఎటువంటిదో తెలుసు. మొదటి బల్లవాడు చేయి ఎత్తితే రాని నవ్వు, చివరి బల్లవాడు ఎత్తితే వస్తుంది. "నీకు తెలుసా? సరే, చెప్పు చూద్దాం" అనే నవ్వు.

పదిహేను ఎత్తుల దాకా ఆట నా చేతిలోనే ఉందని అనుకున్నాను. నాకొక బంటు ఎక్కువ కూడా. అతడు ఆ బంటును ఉదారంగా ఎందుకు వదిలాడో ఆలోచించే పాటి వినయం నాకు లేదు. ఆ తరువాత అతని మంత్రి, గుఱ్ఱం ఒకదాని వెంట ఒకటి నా కోట దగ్గఱకు వచ్చాయి. నా రాజు మూలగదికి తప్పుకున్నాడు. అప్పుడు అతడు తన మంత్రిని తెచ్చి సరాసరి నా రాజు పక్కగడిలో కూర్చోబెట్టాడు. రాజుతో దాన్ని తీయడానికి వీలులేదు, గుఱ్ఱం కాపలా ఉంది. ఏనుగుతో తీయాలి, వేఱే దారి లేదు. తీశాను. ఆ ఏనుగు వచ్చి కూర్చోవడంతో రాజుకు ఉన్న ఆ ఒక్క సందూ మూసుకుపోయింది. నా బంట్లు రెండు, నా ఏనుగు, అన్నీ నావాళ్ళే, నా రాజును ఊపిరాడకుండా చుట్టుముట్టి నిలబడ్డాయి. అతని గుఱ్ఱం ఒక్క గంతు వేసింది. ఆటకట్టు.

ఇటువంటి ఆటకట్టు 1497లో స్పెయిన్ దేశంలో లుసేనా అనే ఆయన అచ్చువేసిన పుస్తకంలోనే ఉన్నదట. అయిదు వందల ఏళ్ళనాటి ఉచ్చులో పడ్డానన్నమాట. ఆ సంగతి తరువాత తెలిసింది. ఆ క్షణాన తోచినది ఒక్కటే: 910 వాడికి ఇది ఎలా వస్తుంది? వీడు దొంగ! పక్కన యంత్రం పెట్టుకుని ఆడుతున్నాడు!

తెఱ మీద ఒక మూల ఫిర్యాదు మీట ఉంటుంది. వత్తాను. కారణం చెప్పమని అడిగితే "మోసం" అన్నదాన్ని ఎంచుకున్నాను. ఆ తరువాత హాయిగా నిద్రపట్టింది.

మఱునాడు ఆదివారం. మనవడికి ఈ వృత్తాంతమంతా చెప్పాను. వాడికి పదకొండేళ్ళు. రామాయణం చెప్పబోతే పాఱిపోతాడు కాని, ఇటువంటి విషయాల్లో నాకు గురువు.

"తాతయ్యా, నువ్వు తొమ్మిదివందల వాడి చేతిలో ఓడిపోకూడదని ఎక్కడైనా వ్రాసి ఉందా?" అన్నాడు.

వ్రాసి ఉందో లేదో చూద్దామని కూర్చున్నాను. పండితుడికి పట్టుదల వస్తే మూలం దాకా పోతాడు కదా!

ఈ అంకెల పద్ధతిని కల్పించినవాడు ఆర్పాడ్ ఈలో. 1903లో హంగెరీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, మిల్వాకీ నగరంలో భౌతికశాస్త్రం బోధించినవాడు. ఆయన కూడా మన బడిపంతుళ్ళ కులమేనని తెలిసి ముచ్చటపడ్డాను. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లోను స్వీకరించాయి. అందులోని కిటుకు ఇది. అంకె మనిషి విలువను చెప్పదు. ఇద్దఱు ఆడితే ఎవరికి ఎంత పాలు రావచ్చునో అంచనా మాత్రం చెబుతుంది. తేడా 200 ఉంటే పైవాడికి నూటికి 76 పాళ్ళు, కిందివాడికి 24. తేడా 400 ఉంటే 91, 9. అంచనాకంటె ఎక్కువ తెచ్చుకున్నవాడి అంకె పెరుగుతుంది, తక్కువ తెచ్చుకున్నవాడిది తఱుగుతుంది. అంతే. పైగా ఆ కొలత ఎంత అస్థిరమైనదో ఈలోయే ఒక పోలికతో చెప్పాడు. నీళ్ళమీద లేస్తూ మునుగుతూ ఉండే బెండు ఎక్కడున్నదో, గాలికి ఊగే తాడుకు కట్టిన గజంకఱ్ఱతో కొలవడం వంటిదట అది.

మా ఇద్దఱి తేడా 510. ఆ లెక్కన అతని పాలు నూటికి అయిదు. అంటే ఇరవైకి ఒకటి. నూటికి సున్న కాదు. ఇరవైకి ఒకటి! నా తరగతిలో నలభైమంది పిల్లలుండేవారు. ఇరవైకి ఒకటి చొప్పున ఇద్దఱు. ఆ లెక్క అప్పుడు ఊరికే మనసులో మెదిలింది. దాని అర్థం తరువాత తెలిసింది.

ఇది అంకె నిజమైనప్పటి మాట. అంకే నిజం కాకపోతే? ఎదుటివాడి బలం 910 కాక మఱేదో అయి ఉంటే?

కొత్తగా వచ్చినవాడి అంకె ఒక ఊహ మాత్రమే. ఈ లోపాన్ని సవరించడానికి మార్క్ గ్లిక్‌మన్ అనే సంఖ్యాశాస్త్రవేత్త 1995లో మఱొక పద్ధతిని తయారుచేశాడు. అందులో అంకెతో బాటు ఆ అంకెను ఎంతవఱకు నమ్మవచ్చునో చెప్పే మఱొక అంకె కూడా ఉంటుంది. ఎక్కువగా ఆడేకొద్దీ నమ్మకం పెరుగుతుంది. కొంతకాలం ఆడకపోతే నమ్మకం మళ్ళీ సడలుతుంది. ఈనాడు అంతర్జాలంలో చదరంగం ఆడించే పెద్ద వేదికలు ఇటువంటి పద్ధతినే వాడుతున్నాయి. ఒక వేదికలో అయితే నమ్మకం కుదరని అంకె పక్కన ప్రశ్నార్థకం కూడా పెడతారు. ఆహా అనుకున్నాను. మార్కుల పట్టికలో మేము ఎన్నడూ ఆ ప్రశ్నార్థకం పెట్టలేదు.

మఱికొన్ని కారణాలు కూడా ఉన్నాయి. అయిదు నిమిషాల ఆటకు వేఱు అంకె, పది నిమిషాల ఆటకు వేఱు అంకె ఉంటాయి. ఒకదానిలో ఆఱితేరినవాడు రెండోదానిలో పసివాడుగా కనబడవచ్చు. ఒక వేదికలోని అంకె మఱొక వేదికలో చెల్లదు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే కొడుకు ఓడి వదిలేసిన ఖాతాలో తండ్రి కూర్చుని ఆడవచ్చు. ఎన్నో ఏళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టినవాడు నెలరోజులు తుప్పు వదిలించుకునేదాకా కిందనే తిరుగుతాడు. అన్నిటికంటె ముఖ్యం పిల్లలు. పిల్లవాడి బలం వర్షాకాలపు వెదురులాగా పెరుగుతుంది. వాడి అంకె వాడి వెనక ఆయాసపడుతూ వస్తుంది. అందుకనే ఫిడేవారు పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు, వారి అంకె 2300 దాటనంతవఱకు, లెక్క త్వరగా మాఱే ఏర్పాటు చేశారు. అది కూడా చాలలేదు. చివరకు 2024 మార్చిలో, 2000కు లోపు ఉన్నవారి అంకెలన్నిటినీ ఒక్కసారిగా పైకి జరిపారు. కిందిమెట్టును 1000 నుంచి 1400కు ఎత్తారు. ప్రపంచ సమాఖ్యే తన తక్కెడ చిన్నవాళ్ళను తక్కువ తూస్తున్నదని ఒప్పుకున్నదన్నమాట.

దొంగలు లేరా అంటే ఉన్నారు. కావాలని ఓడిపోయి అంకె తగ్గించుకుని చిన్నవాళ్ళను కొట్టేవారు ఉన్నారు. యంత్రం చెప్పిన ఎత్తులు వేసేవారు ఉన్నారు. వాళ్ళను పట్టుకోవడానికి వేదికలవారు ఎత్తులను యంత్రపు ఎత్తులతో పోల్చి, ఒక్కో ఎత్తుకు పట్టిన సమయాన్ని చూసి, ఎన్నో ఆటలు కలిపి పరిశీలిస్తారు. రుజువైతే ఖాతా మూసివేసి, ఓడినవాడికి పోయిన అంకెలు తిరిగి ఇస్తారు. గమనించండి, ఒక్క ఆట చూసి కాదు. నేను ఒక్క ఆట చూసి, అందులోనూ ఓడిన కోపంలో చూసి, తీర్పు చెప్పాను.

మన పుస్తకాల్లో ఈ కథ లేదా? ఉన్నది. ఆరణ్యపర్వంలో అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేస్తున్నాడు. పంది వచ్చింది. బాణం వేశాడు. అదే క్షణంలో ఒక కిరాతుడు కూడా వేశాడు. అప్పుడు అర్జునుడు అన్న మొదటి మాట ఏమిటి? నేను గుఱిపెట్టిన మృగాన్ని నీవు కొట్టావు, ఇది వేటధర్మం కాదు అని. గాండీవం పట్టిన చేతులవాడు అడవిమనిషిని చూడగానే ముందు చేసినది ఫిర్యాదు! ఆ తరువాత అమ్ములు అయిపోయాయి, విల్లు పోయింది, కుస్తీ పట్టాడు, ఓడాడు. ఎదుట ఉన్నవాడు ఎవరో అప్పుడు తెలిసింది. ఈ ఘట్టాన్ని ఎన్ని సంవత్సరాలు పాఠం చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ భక్తిని గుఱించి చెప్పాను, పరీక్షను గుఱించి చెప్పాను. ఆ మొదటి మాటను గుఱించి ఒక్కసారి కూడా పిల్లలతో అనలేదు.

చదరంగం మాటే కావాలంటే, బొడ్డుచెర్ల తిమ్మన ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి, ఎంతమంది రాయల పక్షాన చేరినా తానే గెలిచేవాడని చాటువు చెబుతుంది. ఇంకొంచెం దగ్గఱి కాలంలో మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబులో ఒక జమీందారు కొలువులో ఉన్నవాడు. 1929లో ఇంగ్లండు వెళ్ళి ఆ యేడే బ్రిటిష్ విజేత అయ్యాడు. మన పాత పద్ధతి ఆటలోంచి వెళ్ళి, ఆ కొత్త నియమాలలో అంతటి కపాబ్లాంకాను హేస్టింగ్సులో ఓడించాడు. 1932, 1933లలో మళ్ళీ విజేత. తరువాత యజమాని వెంట తిరిగి వచ్చి ఆటకు దూరమయ్యాడు. ఫిడేవారు ఆయనకు గ్రాండ్‌మాస్టర్ గౌరవం ఇచ్చినది 2024లో, ఆయన పోయిన ఎన్నో దశాబ్దాలకు. ఇక మొన్న 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచకప్పు మీరందఱూ చూసే ఉంటారు. గ్రాండ్‌మాస్టర్ బిరుదైనా లేని పందొమ్మిదేళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ మన హారికను దాటి, చివరి పోరులో మన కోనేరు హంపినే ఓడించి, ఆ గెలుపుతోనే బిరుదు అందుకుంది. హంపి ఓడినందుకు నాకు కష్టంగానే ఉన్నది. గుడివాడ ఆడపడుచు కదా! కాని ఓడిన తరువాత ఆమె ముఖంలో నేను చూసినది అలసట. నాలాగా ఫిర్యాదు మీట కోసం వెదకలేదు.

ఇంతటితో ఆగితే ఇది పాండిత్య ప్రదర్శన అయ్యేది. అసలు కథ ఆ తరువాత జరిగింది.

కొన్ని వారాలకు నా ఫోను నీళ్ళబిందెలో పడింది. కొత్త ఫోను వచ్చింది కాని, పాత ఖాతా రహస్యపదం నాకు గుఱుతు లేదు. "పోనీలే తాతయ్యా, కొత్తది తెఱుద్దాం" అన్నాడు మనవడు. తెఱిచాం. నీవు ఏ స్థాయివాడివి అని అడిగింది ఆ పెట్టె. పెద్దలు నేర్పిన వినయం కొద్దీ, అన్నిటికంటె కిందిదానికి ఒక మెట్టు మాత్రం పైన ఉన్నదాన్ని నొక్కాను. 800 అంకె ఇచ్చింది.

ఆ రాత్రి వరుసగా ఆఱు ఆటలు గెలిచాను. ఆఱో ఆటలో ఎదుటివాడు సగంలోనే మాటలాడే గడిలో ఒక్క మాట టైపు చేశాడు. "చీటర్." అతడు ఏ దేశంవాడో తెలియదు. ఆ మాట మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే.

చేతులు చల్లబడ్డాయి. నవ్వి ఊరుకోవలసిన విషయమే. కాని అరవై దాటిన మనిషిని, ఇరవై ఏడు వందలమంది పిల్లలకైనా "అబద్ధమాడరాదు" అని చెప్పి ఉంటానేమో, నన్ను పట్టుకుని దొంగ అన్నాడు. "నేను దొంగను కాను, వయసు మళ్ళినవాణ్ణి, పాత ఖాతా పోయింది" అని ఎలా చెప్పడం? ఎవరికి చెప్పడం? చెప్పినా దొంగ చెప్పే మాటలాగానే ఉంటుంది కదా! అదీ ఆ నేరారోపణలోని ఉచ్చు. నా తరపు సాక్ష్యాలన్నీ నా రాజును చుట్టుముట్టిన నా బంట్లవంటివే.

"వాడు నీమీద రిపోర్టు కొట్టే ఉంటాడు తాతయ్యా" అన్నాడు మనవడు తాపీగా.

"ఇప్పుడెలారా?"

"ఏం కాదులే. వాళ్ళు నీ ఆటలు చూస్తారు. నువ్వు చేసే తప్పులు మిషను చెయ్యదు."

మా ఆవిడ ఆ రోజు చాలా కాలానికి నవ్వింది. నేను కూడా నవ్వాను. కాని పడుకున్నాక నిద్ర రాలేదు. పైకప్పు వంక చూస్తూ ఉంటే ముప్ఫై అయిదేళ్ళ వెనకటి ఒక ముఖం వచ్చి నిలబడింది.

1989. కృష్ణాతీరంలో ఒక ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి. ఒక కుఱ్ఱవాడు ఉండేవాడు. పేరు వ్రాయను. త్రైమాసిక పరీక్షలో నా సబ్జెక్టులో వాడికి నూటికి పందొమ్మిది. బడికి వారానికి మూడు రోజులు వచ్చేవాడు. వచ్చిన రోజు కునికిపాట్లు పడేవాడు. చివరి బల్ల. అర్ధసంవత్సర పరీక్షలో వానకాలాన్ని వర్ణించమని వ్యాసం అడిగాను. వాడు ఒక పుట వ్రాసి, చివర ఒక ఆటవెలది వ్రాశాడు. దస్తూరి కోడి కెలికినట్లున్నది. ఒత్తులు తప్పులు. కాని ఛందస్సు చూశాను. గణాలు సరిగ్గా పడ్డాయి. యతి కుదిరింది. చేలో నీళ్ళు నిలిచినప్పటి కప్పల బెకబెకలను వాడు పద్యంలో వినిపించాడు.

పిలిచి నిలదీశాను. "ఏ పుస్తకంలోంచి ఎత్తావురా?"

"నేనే కట్టాను సార్."

"గణం అంటే ఏమిటో చెప్పు."

వాడికి చెప్పడం రాలేదు. గురులఘువులు గుర్తించమంటే నేల చూపులు చూశాడు. లక్షణం చెప్పలేనివాడికి లక్ష్యం ఎలా వచ్చింది? నా దృష్టిలో రుజువు పూర్తయింది. ఆ పద్యం ఎక్కడిదో నాకు తెలియదు. భాషాప్రవీణ చదివిన నాకే తెలియని పద్యాన్ని వాడు ఎత్తుకొచ్చాడని నమ్మాను కాని, వాడే కట్టి ఉంటాడని నమ్మలేకపోయాను. ఆ పద్యం ఏ పుస్తకంలోనూ నాకు దొరకకపోవడం కూడా వాడి నేరమే అయింది. ఆ సమాధానానికి సున్న వేశాను. తరగతి అంతా చూస్తుండగా బల్ల ఎక్కి నిలబడమన్నాను. వాడు ఏడవలేదు. "నేనే కట్టాను సార్" అని కూడా రెండోసారి అనలేదు.

ఆ ఏడు శ్రీరామనవమికి పక్క ఊళ్ళో పౌరాణిక నాటకం వేశారు. చూడటానికి వెళ్ళాను. పందిరి పక్కగా కూర్చోవడం వల్ల తెఱ వెనక భాగం నాకు కొంచెం కనబడుతున్నది. ముసలి నటుడు ఒకాయన రాగం తీస్తూ తీస్తూ పద్యం మధ్యలో మఱచిపోయి ఆగాడు. తెఱ వెనకనుంచి ఒక సన్నని గొంతు మిగిలిన పాదం అందించింది. ఆయన అందుకున్నాడు. మళ్ళీ ఇంకోచోట ఆగాడు. మళ్ళీ అదే గొంతు. చేతిలో పుస్తకం లేదు. నా తరగతిలో చివరి బల్ల మీద కునుకుతీసే కుఱ్ఱవాడు. ఆ ముసలాయన వాడి తాత. వారానికి నాలుగు రాత్రులు ఊరూరా తిరిగి, తెల్లవారేదాకా పద్యాలు అందిస్తూ ఉండే పిల్లవాడికి గణవిభజన ఎందుకు? వాడి చెవిలోనే గణాలు ఉన్నాయి. మేనమామ అరుగు మీద ఆడిన నాకు ఏ ఎత్తు పేరు ఏమిటో తెలియదు. అయినా ఆడతాను కదా!

నాటకం అయిపోయింది. జనం లేస్తున్నారు. పది అడుగుల దూరంలో వాడు హార్మోనియం పెట్టెకు తాడు కడుతున్నాడు. నన్ను చూశాడు. చేతులు జోడించాడు. నేను తల ఊపి, సైకిలు ఎక్కి ఇంటికి వచ్చేశాను.

బడి తెఱిచిన తరువాత చెబుదాం అనుకున్నాను. అందఱి ముందు అన్నమాట అందఱి ముందే వెనక్కు తీసుకుందాం అనుకున్నాను. జూన్ వచ్చింది. పదో తరగతి హాజరుపట్టికలో వాడి పేరు వ్రాశారు కాని, వాడు రాలేదు. తాత పోయాడని ఒకరు, గుంటూరు వైపు పనికి వెళ్ళాడని ఒకరు అన్నారు. నా సున్న వల్లనే వాడు మానేశాడని చెప్పుకుంటే అది కూడా ఒక విధమైన గొప్పదనమే అవుతుంది. పేదఇంటి పిల్లవాడు బడి మానడానికి నా సున్న అవసరం లేదు. కాని నిలుపుకోవడానికి నా ఒక్క మాట పనికివచ్చి ఉండేదేమో. ఆ మాట అనడానికి నాకు పది అడుగుల దూరమే ఉన్నది.

ఆ రాత్రి పడుకుని ఈ లెక్క వేశాను. నలభైమందిలో ఇద్దఱు. ఏడాదికి నాలుగు సెక్షన్లు. ముప్ఫై ఏడేళ్ళు. మార్కుల పట్టికలో అంకె చూసి, నేను చిఱునవ్వు నవ్వి కిందికి తోసినవారు ఎంతమంది? వీడొక్కడు మాత్రం తెఱ వెనక నాకు కనబడ్డాడు.

మఱునాడు మనవడిని అడిగి ఆ 910 అంకెవాడి మాఱుపేరు వెదికించాను. నా ఫిర్యాదు వల్ల వాడికి ఏమీ కాలేదు. ఖాతా ఉన్నది. అప్పటికి అంకె 1600 దాటింది. ఎవరో నేర్చుకుంటున్న పిల్లవాడో, చాలాకాలానికి మళ్ళీ కాయ పట్టినవాడో. నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం కూడా లేదు. ఆ వేదికలో పెట్టిన ఫిర్యాదును వెనక్కు తీసుకునే మీట కోసం చాలాసేపు వెదికాను. నాకు దొరకలేదు. చివరికి మనవడి సాయంతో వాడికి ఒక చిన్న సందేశం పంపాను. ఆట బాగున్నదని, ఆ గుఱ్ఱపు గంతు నేర్చుకున్నానని. రెండు రోజులకు జవాబు వచ్చింది. నవ్వుతున్న బొమ్మ ఒకటి. అంతే.

ఇప్పుడు నా అంకె మళ్ళీ 1400 దరిదాపుల్లో ఉన్నది. ఓడుతున్నాను, గెలుస్తున్నాను. నాకంటె తక్కువ అంకెవాడు ఎదురైనప్పుడు ఆ పాత చిఱునవ్వు ఇంకా వస్తూనే ఉన్నది. ముప్ఫై ఏడేళ్ళ అలవాటు ఒక ఆటతో పోదు. వచ్చినప్పుడు మాత్రం ఆ అంకె పక్కన మనసులోనే ఒక ప్రశ్నార్థకం వేసుకుంటున్నాను.

ఆ ఆటవెలది నాకు మొత్తం గుఱుతు లేదు. కప్పలు ఉన్న పాదం ఒక్కటి ఉన్నది. అది వాడిది కాబట్టి ఇక్కడ వ్రాయడం లేదు. వాడికి ఇప్పుడు యాభయ్యేళ్ళు ఉంటాయి. ఎక్కడో ఉండి, ఎప్పుడైనా ఈ పుట కంటబడితే, నాయనా, ఆ సమాధానానికి పదికి పది మార్కులు వేస్తున్నాను. ఆలస్యంగా దిద్దినందుకు క్షమించు.

స్వస్తి.